కొండకు వినబడని గొంతు

నౌపడ ఉప్పుమళ్ళకు నీరు తోడే మోటారు దగ్గర చినబాబు పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాడు. పోటు వచ్చినప్పుడు కాలువలోకి సముద్రపు నీరు ఎక్కుతుంది. ఆ వేళ కనిపెట్టి మోటారు వెయ్యాలి, మళ్ళు నిండాక ఆపాలి. పోటు మన వీలు చూసుకుని రాదు గనక, పుష్యమాసం నుంచి తొలకరి దాకా అతని మకాం అక్కడి రేకుల షెడ్డులోనే. చుట్టూ తెల్లటి మళ్ళు, మళ్ళ మధ్య గట్లు, ఆ పైన ఆకాశం. ఉప్పు గీసే కూలీలు పొద్దున వచ్చి ఎండ ముదిరేలోగా వెళ్ళిపోతారు. భార్య దాలమ్మ పోయి నాలుగేళ్ళయింది. కూతురు కుమారిని కోటబొమ్మాళిలో వరి పండించే వాళ్ళింటికి ఇచ్చారు. ఆమె ఆదివారాలు ఫోన్ చేస్తుంది. ఊడ్పులూ కోతలూ వస్తే అదీ ఉండదు.

అలాంటి మనిషికి రేడియో అబ్బింది తిత్లీ తుపాను ఏడు. స్తంభాలు కూలి, సెల్ టవర్లు మూగబోయి, నౌపడలో ఎవరు బతికున్నారో పక్క ఊరికి తెలియని రోజుల్లో రాజాం నుంచి ముగ్గురు హామ్ రేడియో వాళ్ళు వచ్చి బడిలో దిగారు. టవర్లూ కంపెనీలూ లేకుండా, సర్కారు లైసెన్సు మీద సొంత సెట్లతో మాట్లాడుకునే వాళ్ళు. చినబాబు ఐటీఐలో కరెంటు పని నేర్చినవాడు. వాళ్ళ బ్యాటరీలు మోశాడు, వైర్లు కట్టాడు, ఐదు రోజులు వాళ్ళతోనే ఉన్నాడు. వాళ్ళలో పెద్దాయన వేంకటాచలం మేష్టారు, రాజాంలో సైన్సు చెప్పి రిటైరైన మనిషి, వెళ్ళేటప్పుడు అతని భుజం మీద చెయ్యి వేసి, "నువ్వూ పరీక్ష రాయవయ్యా, నేను చెబుతాను" అన్నారు. రెండుసార్లు తప్పి మూడోసారి చినబాబు ఆ పరీక్ష గట్టెక్కాడు.

చేతిలో పట్టే చిన్న సెట్టు అతనిది. దాని మాట నౌపడ నుంచి రాజాం దాకా నేరుగా పోదు. రాజాం అవతల కొండ మీద హామ్‌ల సంఘం పెట్టిన రిపీటరు ఉంది. దూరం నుంచి వచ్చిన సన్నటి మాటను ఒక ఫ్రీక్వెన్సీలో విని, అదే క్షణంలో ఇంకో ఫ్రీక్వెన్సీలో గట్టిగా పలికే పెట్టె అది. చినబాబు వెదురు గడకు అల్యూమినియం పుల్లల యాంటెనా కట్టి కొండ వైపు తిప్పి పెట్టుకున్నాడు. ఆ పెట్టె దయవల్ల అతని మాట మేష్టారి గదికి చేరేది.

రోజూ పొద్దున ఆరింటికి ఇద్దరూ మాట్లాడుకునేవారు. పెద్ద సంగతులేం కావు. మేష్టారు పంచాంగం చూసి తిథి చెప్పి, పోటు ఎన్నింటికో లెక్కగట్టేవారు. చినబాబు నవ్వి, "అరగంట ముందే వచ్చేసింది మేస్టారూ" అనేవాడు. మళ్ళలో ఉప్పు తేలిందా, ఏ పిట్టలు వాలాయి, రాజాం సంతలో వంకాయలు ఎలా ఉన్నాయి — ఇలా పది నిమిషాలు. మేష్టారికి చెవుడు. ఫోన్‌లో మాట అందదు. రేడియోకి తగిలించిన పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే మాత్రం స్పష్టంగా వినబడేది. అందుకే ఇద్దరిమధ్యా ఫోన్ అన్న మాటే రాలేదు. ఆ పది నిమిషాల తర్వాత చినబాబు రోజంతా నోరు విప్పకపోయినా అతనికి వెలితిగా ఉండేది కాదు.

జనవరి ఆఖర్లో సంఘం వాళ్ళు రిపీటరుకు బలం పెంచారు. దాని బాగోగులు చూసేది విజయనగరంలో ఎలక్ట్రానిక్స్ షాపు నడిపే మోహనకృష్ణ. పది వాట్ల ట్రాన్స్‌మిటరు వెనక ఆంప్లిఫయరు తగిలించి యాభై వాట్లు చేశాడు. మళ్ళీ తుపాను వస్తే మూలమూలకీ మాట చేరాలని అతని ఉద్దేశం. అందులో తప్పేమీ లేదు. మర్నాడు ఆరింటికి చినబాబు సెట్టు పెట్టగానే మేష్టారి గొంతు పక్కన కూర్చుని మాట్లాడినట్టు వినిపించింది.

"చినబాబూ, ఎలా ఉందోయ్ కొత్త రిపీటరు?"

చినబాబు మీట నొక్కి, "శానా బాగుంది మేస్టారూ, గంట కొట్టినట్టున్నాది" అన్నాడు.

మీట వదిలాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత మేష్టారు మళ్ళీ, "చినబాబూ, ఉన్నావా?" అన్నారు.

"ఉన్నాను మేస్టారూ."

"ఇంకా లేవలేదు కాబోలు" అని తనలో తను అనుకున్నట్టుగా అని, మేష్టారు ఆపేశారు.

ఆ రోజు బ్యాటరీ అనుకున్నాడు. మార్చాడు. రెండో రోజు తీగ అనుకుని అతుకులన్నీ విప్పి గీకి మళ్ళీ కట్టాడు. మూడో రోజు వెదురు గడ ఇంకో బారెడు పెంచాడు. మేష్టారు రోజూ ఆరింటికి మూడుసార్లు పిలిచేవారు. చినబాబు మూడుసార్లూ పలికేవాడు. ఆయన గొంతులో నవ్వు పోయి ఆదుర్దా రావడం, ఆదుర్దా పోయి అలసట రావడం, అంతా అతనికి వినబడుతూనే ఉంది. పన్నెండో రోజున మేష్టారు ఒక్కసారే పిలిచారు. "ఎక్కడున్నా క్షేమంగా ఉండు నాయనా" అన్నారు. ఎదురుగా ఉన్న మనిషి కళ్ళు మూసుకుని మాట్లాడుతున్నట్టనిపించింది చినబాబుకి. సెట్టు ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద చాలాసేపు కూర్చుండిపోయాడు. పోటు వేళ దాటిపోయింది. ఆ రోజు మోటారు గంట ఆలస్యంగా వేశాడు.

ఆదివారం సాయంత్రం ఏడింటికి హామ్‌లందరూ రిపీటరు మీద కూడి హాజరు పలుకుతారు. మోహనకృష్ణ ఒక్కొక్కరికీ లైసెన్సుతో వచ్చిన గుర్తు పేరు, కాల్‌సైన్, చదువుతాడు, వాళ్ళు పలుకుతారు. మొదటి ఆదివారం చినబాబు వంతు వచ్చింది. పలికాడు. "నౌపడ చినబాబు గారు లేరు" అని మోహనకృష్ణ తర్వాతి పేరుకు వెళ్ళాడు. రెండో ఆదివారమూ అంతే. మూడో ఆదివారం హాజరయ్యాక మోహనకృష్ణ అందరికీ ఒక మాట చెప్పాడు. "పొద్దున ఆరు ప్రాంతాల రిపీటరు టకటకమని కొట్టుకుంటోంది. ఎవరిదో మోటారో, వెల్డింగో అడ్డం వస్తున్నట్టుంది. కనిపెట్టి ఆపిద్దాం." నాలుగో ఆదివారం చినబాబు పేరే చదవలేదు. ముందున్న పేరు నుంచి వెనకున్న పేరుకి సాఫీగా వెళ్ళిపోయాడు. పలకడానికి సిద్ధంగా మీట మీద పెట్టుకున్న వేలు చినబాబు మెల్లగా తీశాడు.

వాళ్ళనీ వీళ్ళనీ అడిగి సంఘం నంబరు సంపాదించి మోహనకృష్ణకు ఫోన్ చేశాడు.

"మీ సెట్టు పాడై ఉంటుందండి, ఓసారి తెచ్చి చూపించండి" అన్నాడు మోహనకృష్ణ. షాపులో బేరాల గోల వినబడుతోంది.

"సెట్టు బాగానే ఉంది బాబూ. కొండ మీద పెట్టికే నా మాట ఇనబడ్డం నేదు."

"అందరికీ బాగానే పనిచేస్తోంది కదండీ."

"అందరూ అంటే దగ్గరోళ్ళు."

"చూద్దాం లెండి, తీరిక చేసుకుని" అని పెట్టేశాడు. చెడ్డవాడు కాదు. పనిలో ఉన్నాడు. మేష్టారి నంబరు మాత్రం ఇచ్చాడు. చినబాబు చేశాడు. "ఎవరూ? ఎవరండీ? గట్టిగా చెప్పండి" అని మేష్టారు, "నేను సినబాబుని, నౌపడ సినబాబుని" అని ఇతనూ అరుచుకున్నారు. ఆయన "రాంగ్ నంబరు" అని పెట్టేశారు. మళ్ళీ చెయ్యడానికి చినబాబుకి మనసు రాలేదు.

మార్చి మొదటి వారంలో రాజాం వైపు గాలీ వానా కొట్టాయి. మర్నాడు ఆరింటికి అలవాటుగా సెట్టు పెట్టి కూర్చున్నాడు. చాలా రోజులుగా పిలవని మేష్టారు ఆ రోజు ఎందుకో పిలిచారు. ఆ గొంతు వెనకటిలా ఉంది, బలం లేకుండా, అంచుల దగ్గర చిరిగిపోతూ. చినబాబు పలికాడు.

మీట వదిలి సెట్టు చెవికి ఆనించుకున్నాడు.

"చినబాబూ! నువ్వేనా?"

"నేనే మేస్టారూ."

"ఎక్కడికి పోయావయ్యా ఇన్నాళ్ళూ? నామీద ఏదైనా మనసు కష్టపెట్టుకున్నావేమో అనుకున్నాను."

"ఎక్కడికీ ఎల్లనేదు. రోజూ పిలుస్తన్నాను. మీరు పిలిసిందల్లా ఇన్నాను. పన్నెండో రోజు మీరన్న మాట కూడా ఇన్నాను."

అవతల మేష్టారు మీట నొక్కారు. ఆయన ఊపిరి వినబడింది. తర్వాత ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడ్డారు. దాలమ్మ పోయినప్పుడు కూడా ఇంత మాట్లాడని చినబాబు పోటు గురించి, ఉప్పు గురించి, కుమారికి నలతగా ఉన్న సంగతి గురించి చెప్పుకుపోయాడు. పదకొండు నిమిషాలు. ఉన్నట్టుండి మేష్టారి గొంతు గంటలా గట్టిపడింది. "చినబాబూ? చినబాబూ, ఉన్నావా?"

ఉన్నాడు. పలికాడు. ఆయనకు అందలేదు.

కరెంటు పని తెలిసిన మనిషి గనక చినబాబు అక్కడే ఆలోచనలో పడ్డాడు. గొంతు సన్నగా ఉన్నంతసేపూ తన మాట చేరింది, గట్టిపడగానే ఆగిపోయింది. అంటే గాలివానకు కొండ మీద కరెంటు పోయి ఆంప్లిఫయరు ఆగింది, చిన్న ట్రాన్స్‌మిటరు ఒక్కటే బ్యాటరీ మీద నడిచింది. కరెంటు రాగానే పెద్దది లేచింది. పోటు వేళలు రాసుకునే పుస్తకంలో ఆ తేదీ రాశాడు. తర్వాత రెండు వారాల్లో కరెంటు తీసిన రోజులు ఇంకో రెండు దొరికాయి. ఆ రెండు రోజులూ అంతే. మోటారు తోటి కాపలాదారుకి అప్పజెప్పి, ఆ పుస్తకం సంచిలో పెట్టుకుని, మూడు బస్సులు మారి రాజాం వెళ్ళాడు.

మేష్టారు తలుపు తీసి, గుర్తుపట్టి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు. పరీక్ష గట్టెక్కాక ముఖాముఖి చూసుకోవడం అదే. ఆయన గొంతు కన్నా మనిషి చాలా చిన్నగా ఉన్నారు. రేడియోలో అంత మాట్లాడుకున్న ఇద్దరికీ ఎదురెదురుగా కూర్చుంటే మాటలు రాలేదు. కాఫీ తాగారు. చినబాబు పుస్తకం తీసి ఇచ్చాడు. మేష్టారు మూడు తేదీలూ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "రాగసుధను పిలుద్దాం" అన్నారు.

రాగసుధ ఆయన దగ్గర చదువుకున్న అమ్మాయి. విజయనగరంలో తరతరాలుగా వీణ వాయించే ఇంట్లో పుట్టి, రాజాంలో కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతోంది. ఆమె పుస్తకం చూసి, చినబాబుని నాలుగు ప్రశ్నలు అడిగి, కాగితం మీద రెండు డబ్బాలు గీసింది.

"ఏ ట్రాన్స్‌మిటరూ మాట ఒక్కదాన్నే పంపదు చినబాబు గారూ. దాని అటూ ఇటూ సన్నటి హోరు కూడా పంపుతుంది. పది వాట్లు ఉన్నప్పుడు ఆ హోరును యాంటెనా దగ్గరి ఫిల్టర్లు ఆపగలిగేవి. ఆంప్లిఫయరు మాటతో పాటు హోరునీ పెంచేసింది. వినే రిసీవరు ఉండేదీ అదే గదిలో, అదే యాంటెనా మీద. దగ్గరివాళ్ళ మాట గట్టిది గనక హోరు మీద తేలుతుంది. మీది మునిగిపోతుంది."

"మరి అసలు చేరడమే లేదంటావా?" అన్నారు మేష్టారు. రాగసుధ ఆయన చెవి దగ్గరకు వంగి గట్టిగా చెప్పింది.

"చేరుతుందండీ. ఇతను మీట నొక్కగానే రిసీవరు వింటుంది. విన్నది పలకడానికి ట్రాన్స్‌మిటరు లేస్తుంది. లేవగానే దాని హోరు రిసీవరు చెవి మూసేస్తుంది. చెవి మూసుకోగానే ట్రాన్స్‌మిటరు ఆగుతుంది. మళ్ళీ వింటుంది, మళ్ళీ లేస్తుంది."

"టకటక" అన్నాడు చినబాబు.

"ఊఁ. పొద్దున ఆరింటికి అందరికీ అడ్డం వస్తోందన్న ఆ టకటక మీరే."

చినబాబు తల వంచుకున్నాడు. యాభై రోజులుగా తన మాట కొండ దాకా వెళ్ళింది. అక్కడ వెల్డింగు చప్పుడై విరిగిపోయింది.

"ఆంప్లిఫయరు తీసేస్తే సరి కదమ్మా" అన్నాడు కాసేపటికి.

"వద్దండీ. తుపానొస్తే ఆ బలం కావాలి. హోరు పెరగకముందే ఆపాలి. చిన్న ట్రాన్స్‌మిటరుకీ ఆంప్లిఫయరుకీ మధ్య ఒక ఫిల్టరు పెడదాం. మాటను పోనిచ్చి, రిసీవరు వినే చోట పడే హోరును అక్కడే కొట్టేసేది. దానికి గుండ్రటి రాగి డబ్బా కావాలి, ఇంత ఎత్తు" అని మోకాలు దాటించి చూపించింది. "అంచులు నున్నగా, లోపల ఒక్క సొట్ట లేకుండా."

"బుడితి కంచరోళ్ళు సేస్తారు" అన్నాడు చినబాబు. "నానెల్లి కూకుని సేయిస్తాను."

బుడితిలో కంచరి పనివాడు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "పీకా నేదు, అంచూ నేదు, ఇదేం బిందె బావా" అన్నాడు. "బిందె కాదు, మాట వడకట్టేది" అన్నాడు చినబాబు. అతను ఇంకేమీ అడగలేదు. మొదటిది లోపల సొట్టపడింది. రెండోది అతుకు దగ్గర ఊడింది. మూడోది కుదిరింది. వాటి మధ్య మూడు వారాలు గడిచాయి. దాన్ని పాత దుప్పట్లో చుట్టి, పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని బస్సులో రాజాం తీసుకెళ్ళాడు. మేష్టారి ఇంటికి తాళం ఉంది. స్నానాల గదిలో జారి తుంటి ఎముక విరిగిందనీ, కూతురు విశాలి వచ్చి విశాఖపట్నం తీసుకెళ్ళిందనీ పక్కింటావిడ చెప్పింది. ఇప్పట్లో రారట. చినబాబు డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆ మెట్ల మీదే కాసేపు కూర్చుని, తర్వాత లేచి రాగసుధ కాలేజీకి వెళ్ళాడు.

పుస్తకంలోని తేదీలు చూశాక మోహనకృష్ణ ఒప్పుకున్నాడు. ఏప్రిల్ రెండో శనివారం అతనూ రాగసుధా కొండెక్కారు. చినబాబు నౌపడలో ఉండాలి. అంత దూరం నుంచి సన్నగా వచ్చే పిలుపు ఉంటేనే ఫిల్టరును సరిగ్గా సర్దగలరు. మధ్యాహ్నం రెండింటి నుంచి అతను నిమిషానికోసారి కాల్‌సైన్ చెప్పి, ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టాలి. లెక్కపెట్టాడు. ఎండకు మళ్ళు కళ్ళలో పొడుస్తున్నాయి. రేకుల కింద ఉక్క. "హోరే ఉంది, కానివ్వండి" అనేది రాగసుధ. ఆమె గొంతు గంటలా వినబడేది. మళ్ళీ లెక్కపెట్టేవాడు. గంట గడిచింది. నోరెండిపోయింది. వినని మనిషికి చెప్పడం అతనికి రెండున్నర నెలలుగా అలవాటే. అయినా ఈసారి వినాలని ఒకరు కొండ మీద తల వంచుకుని కూర్చున్నారు, ఆ తేడా ఉంది.

"నాలుగు వినబడింది. ఐదు లేదు" అంది రాగసుధ. ఇంకో అరగంటకి, "కేబుల్ లోంచి కూడా హోరు కారుతోంది. మోహనకృష్ణ గారు రెండు పొరల అల్లికున్నది వేస్తున్నారు. ఆగండి" అంది. ఆగాడు. కుండలో నీళ్ళు తాగాడు. నాలుగున్నరకి మళ్ళీ పిలుపు వచ్చింది. అతను కాల్‌సైన్ చెప్పి ఒకటి అన్నాడు, రెండు అన్నాడు. పది దాకా వెళ్ళి మీట వదిలాడు.

ఈసారి మోహనకృష్ణ గొంతు వచ్చింది. "పదికి పది వినబడ్డాయి చినబాబు గారూ. వెనక మోటారు ఆగి ఉందని కూడా తెలుస్తోంది." తర్వాత, "మీరు ఫోన్ చేసిన రోజే నేను కొండెక్కాల్సింది" అన్నాడు.

"పరవానేదు బాబూ" అన్నాడు చినబాబు. ఇంకేదైనా చెప్పాలనిపించింది. రెండున్నర నెలలు దాచుకున్న మాటలు ఎన్నో ఉన్నాయి. కానీ అవి మోహనకృష్ణకు చెప్పేవి కావు. "అందరికీ నమస్కారం" అని మీట వదిలాడు.

మర్నాడు ఆదివారం హాజరులో మోహనకృష్ణ అతని కాల్‌సైన్ చదివాడు. పలికాడు. పాలకొండ నుంచి, పార్వతీపురం నుంచి ఇద్దరు ముగ్గురు పలకరించారు కూడా. సోమవారం ఆరింటికి సెట్టు పెట్టుకుని కూర్చున్నాడు. రిపీటరు బాగుంది. పిలవడానికి ఎవరూ లేరు. విశాఖపట్నం ఆ కొండకు అందదు. మేష్టారి రేడియో తాళం వేసిన ఇంట్లో ఉంది.

ఆ వారం రాగసుధ రెండు రోజులు ఆరింటికి పలికింది. ఆమెకు కాలేజీ బస్సు అందుకోవాలి. పోటు గురించి ఏం అడగాలో ఆమెకు తెలియలేదు, పంచాంగం గురించి ఏం చెప్పాలో ఇతనికీ తెలియలేదు. అయినా ఆమె పలికినందుకు చినబాబు ఆ రెండు రోజులూ మనసులో దండం పెట్టుకున్నాడు. విశాలి నంబరు కనుక్కుని ఇచ్చింది కూడా ఆమే.

శుక్రవారం పొద్దున చినబాబే ఫోన్ చేశాడు. విశాలి తీసింది. బ్యాంకుకు వెళ్ళే హడావుడిలో ఉంది. "నాన్నకు ఫోన్లో వినబడదండీ" అంది.

"తెలుసమ్మా. రిపీటరు బాగయ్యిందని సెప్పండి. నా మాట పదికి పదీ ఇనబడిందని సెప్పండి."

ఆమె అటు తిరిగి గట్టిగా చెప్పింది. అవతల మంచం కిర్రుమంది. మేష్టారి గొంతు దూరంగా, ఏ పరికరమూ పెంచకుండా వినబడింది. ఆయన చాలాసేపు మాట్లాడారు. మాటలు విడివిడిగా తెలియలేదు. రాగి డబ్బా అన్నట్టుంది, బుడితి అన్నట్టుంది, మధ్యలో ఒకసారి నవ్వినట్టుంది.

"సంతోషం అంటున్నారండీ" అంది విశాలి.

"ఇంకా ఏటో అన్నారు గదమ్మా."

అవతల కుర్చీ లాగిన చప్పుడైంది. "ఇవాళ పాడ్యమిట. పోటు తొమ్మిదింపావుకి అంటున్నారు. సరేనా అని అడుగుతున్నారు."

చినబాబు షెడ్డులోంచి కాలువ వైపు చూశాడు. నీళ్ళు అప్పుడే గట్టు తడిపే ఎత్తుకి వచ్చాయి.

"అరగంట ముందే వచ్చేస్తాదని సెప్పండి" అన్నాడు.